దుబాయ్ నాలుగున్నర గంటలే, మరి పర్లాకిమిడి నుంచి రోజెందుకు పడుతోంది?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగిళ్లలో ఎవరైనా గల్ఫ్‌కి బయల్దేరుతున్నారంటే పెద్దవాళ్లు ముందు అడిగేది "ఎంత దూరంరా, ఎన్ని గంటలు పడుతుంది" అనే. ఫోన్‌లో కొడితే జవాబు క్షణంలో వస్తుంది. భువనేశ్వర్ నుంచి దుబాయ్ 3,165 కిలోమీటర్లు, విమానంలో నాలుగు గంటల పైచిలుకు. వినడానికి బాగుంది, బరంపురం నుంచి విశాఖకి ప్యాసింజర్ బండిలో వెళ్లినా అంతకంటే ఎక్కువే పడుతుంది కదా అనిపిస్తుంది. తీరా చూస్తే పొద్దున్న తొమ్మిదింటికి పర్లాకిమిడిలో గుమ్మం దాటినవాడు దుబాయ్ సోనాపూర్‌లో పనివాళ్లుండే క్యాంపులో మంచమెక్కేసరికి మన గడియారంలో రాత్రి రెండున్నర. పదిహేడున్నర గంటలు. ఫోన్ చెప్పిన నాలుగు గంటలు అబద్ధం కాదు, కానీ ఆ అంకె దేన్ని కొలిచిందో, దేన్ని వదిలేసిందో ఎక్కడా రాసి ఉండదు.

ముందు ఆ 3,165 సంగతి. అది విమానం తిరిగిన దూరం కాదు. భువనేశ్వర్ రన్‌వే దగ్గర ఒక చుక్క, దుబాయ్ రన్‌వే దగ్గర ఒక చుక్క పెట్టి, గుండ్రటి భూమి మీద ఆ రెంటినీ కలిపే అతి దగ్గరి దారిని లెక్కగట్టిన అంకె. స్కూల్లో ఉండే గ్లోబు మీద దారం బిగించి లాగితే దారం ఏ గీత మీద పడుతుందో అదే ఈ దారి. గోడమీది మ్యాపులో స్కేలు పెట్టి గీసిన గీతకీ దీనికీ పొంతన ఉండదు, ఎందుకంటే మ్యాపు అనేది నారింజ తొక్కని బల్ల మీద పరిచి బలవంతంగా నొక్కినట్టు ఉంటుంది, ఉత్తరానికి వెళ్లేకొద్దీ సాగిపోతుంది. లెక్కకి భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు అనుకుంటారు. నిజానికి భూమి పూర్తి గుండ్రంగా లేదు, భూమధ్యరేఖ దగ్గర 6,378, ధ్రువాల దగ్గర 6,357. అందుకే ఒక చోట 3,165 అని, ఇంకోచోట దానికి కాస్త అటూ ఇటూగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. కంగారు పడాల్సింది యూనిట్ల దగ్గర. అదే దూరం మైళ్లలో 1,967, విమానాలవాళ్లూ ఓడలవాళ్లూ వాడే నాటికల్ మైళ్లలో 1,709. ఈ మూడు అంకెలూ ఒకే తెర మీద పక్కపక్కనే ఉంటాయి, దాంతో ఒకడు పదిహేడొందలంటాడు, ఇంకొకడు మూడు వేలంటాడు, ఇద్దరూ టీకొట్టు దగ్గర గొడవపడతారు. ఇద్దరిదీ ఒప్పే.

నేల దారికీ గాలి దారికీ తేడా ఎంత ఉంటుందో చూడాలంటే దుబాయ్ దాకా పోనక్కర్లేదు, జయపురం చాలు. జయపురం నుంచి విశాఖకి గాల్లో గీత గీస్తే 147 కిలోమీటర్లు. రోడ్డు మీద కోరాపుట్, పొట్టంగి దాటి, సుంకి ఘాట్ మెలికలన్నీ దిగి సాలూరు మీదుగా వస్తే 220 దగ్గర తేలుతుంది. కొండ ఎంత అడ్డొస్తే అంత తేడా. 2022 అక్టోబరు 31న, చిన్న ఊళ్లకి విమానాలు నడిపించే ఉడాన్ పథకం కింద జయపురం నుంచి తొమ్మిది సీట్ల సెస్నా విమానం మొదలైనప్పుడు ఇటువైపు అంత సంబరం ఎందుకంటే ఇదే కారణం, ఆ బుల్లి విమానం జెట్ కూడా కాదు, ముక్కు మీద ఒకే పంకా తిరిగేది, అయినా ఘాట్ రోడ్డు సగంరోజు తినేసే దూరాన్ని గంట లోపు దాటించేస్తుంది.

మళ్లీ దుబాయ్ గీతకి వద్దాం. భువనేశ్వర్ నుంచి ఆ దారం ఎటు పోతుందో తెలుసా? పడమరకి కాస్త ఉత్తరంగా వంగి, దాదాపు అహ్మదాబాద్ నెత్తి మీదుగా వెళ్లి, కచ్ దాటి, కరాచీకి దక్షిణంగా సముద్రం మీదుగా దుబాయ్‌లో దిగుతుంది. కానీ విమానం ఆ గీత మీదే నడవదు. టేకాఫ్ ఏ దిక్కుకైతే ఆ దిక్కుకి లేచి చుట్టు తిరగాలి, ఆకాశంలో కూడా పేర్లు పెట్టిన దారులుంటాయి, ఆ మలుపులన్నీ పట్టుకుంటూ పోవాలి, దిగేముందు దుబాయ్ లాంటి రద్దీ చోట వరసలో తిరగాలి. వీటన్నిటికీ కలిపి గీత మీద నాలుగైదు శాతం అదనం వేసుకోవడం మామూలు. దీనికి తోడు రాజకీయం. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమాన సంస్థలకి మూసేసింది, ఆ నెలాఖరుకి మనవాళ్లూ వాళ్లకి మూసేశారు. అప్పుడు ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు కొన్ని వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో ఆగి ఆయిల్ పోయించుకుని పోవాల్సొచ్చింది. దూరం చూపించే పేజీలో మాత్రం ఒక్క కిలోమీటరు కూడా మారలేదు. ఢిల్లీవాళ్లకి తగిలినంత దెబ్బ భువనేశ్వర్, విశాఖ నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లకి తగల్లేదు, ఎలాగూ దక్షిణపు దారి కాబట్టి అరేబియా సముద్రం మీదుగా సర్దుకోవచ్చు.

ఇక టైము. ఈ దారుల్లో తిరిగే ఎయిర్‌బస్ 320 రకం విమానం పైకి చేరాక గంటకి 830 కిలోమీటర్ల దగ్గర పోతుంది. 3,165ని 830తో భాగిస్తే మూడు గంటల నలభై తొమ్మిది నిమిషాలు. కానీ అది లేచిన క్షణం నుంచి 830లో పోదు, పైకెక్కడానికి ఇరవై పాతిక నిమిషాలు నెమ్మదిగానే, దిగడానికీ అంతే. వీటికి ఒక అరగంట, ముప్పై అయిదు నిమిషాలు కలిపితే నాలుగు గంటల ఇరవై అయిదు. చేత్తో లెక్క వేసుకునేవాళ్లకి తేలికైన పద్ధతి, దూరాన్ని 800తో భాగించి అరగంట కలుపుకోవడం. రెండు మూడు వేల కిలోమీటర్ల ప్రయాణాలకి ఇది బాగానే సరిపోతుంది. విమానం పెద్దదైతే, అంటే బోయింగ్ 777 లాంటిదైతే, 900 దాకా పోతుంది. మన విశాఖ నుంచి హైదరాబాద్‌కి ఒక్కోసారి తగిలే రెక్కల పంకాల ఏటీఆర్ మాత్రం 500 దగ్గరే ఆగుతుంది, అందుకే ఒకే 511 కిలోమీటర్లకి జెట్ గంటంపావు తీసుకుంటే ఇది గంటా నలభై తీసుకుంటుంది. టికెట్ చవగ్గా ఉందని బుక్ చేసి, ఆ తర్వాత విమానం పేరు చూసుకునేవాళ్లు చాలామంది.

టికెట్ మీద రాసే టైము ఇంకో రకం. విమానం గేటు దగ్గర కదిలిన నిమిషం నుంచి అవతల గేటు దగ్గర ఆగిన నిమిషం దాకా మొత్తాన్ని వేస్తారు, దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాకడం, ముందు నాలుగు విమానాలుంటే వాటి వెనక నిలబడడం, దిగాక మళ్లీ పాకడం అన్నీ అందులోనే. పైగా కంపెనీలు దాంట్లో కొంచెం జాగా కూడా వదులుకుంటాయి, పది నిమిషాలు లేటుగా లేచినా టైముకే చేర్చామని చెప్పుకోవచ్చు. "విమానం ఇరవై నిమిషాలు ముందే దిగింది, పైలట్ భలే తోలాడు" అని ఊళ్లో చెప్పుకునే కథల్లో సగం ఈ జాగా పుణ్యమే.

మిగతా సగం గాలి పుణ్యం. అసలు ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ పట్టించుకోనిదీ, ఎక్కువ ఆడించేదీ గాలే. విమానానికి 830 అనేది నేల మీది వేగం కాదు, చుట్టూ ఉన్న గాలిలో దాని వేగం. ఆ గాలే కదులుతుంటే? వంశధారలో పడవ వేసినట్టే, ఏటికి ఎదురెక్కినప్పుడూ ఏటివాలుగా దిగినప్పుడూ తెడ్డు అంతే పడుతుంది, ఒడ్డు మాత్రం ఒకేలా కదలదు. ఎదురుగాలి గంటకి 80 కిలోమీటర్లు ఉంటే భువనేశ్వర్ నుంచి దుబాయ్‌కి నేల మీది వేగం 750కి పడిపోతుంది, ప్రయాణం నాలుగు గంటల నలభై ఎనిమిది నిమిషాలవుతుంది. అదే 80 వెనకనుంచి తోస్తే 910, నాలుగు గంటల నాలుగు నిమిషాలు. ఒకే దూరం, ఒకే విమానం, ముప్పావు గంట తేడా.

ఈ గాలి ఎటునుంచి వస్తుందన్నది కాలాన్ని బట్టి ఉంటుంది. చలికాలంలో ఉత్తర భారతం మీద పన్నెండు కిలోమీటర్ల ఎత్తు దగ్గర పడమటినుంచి తూర్పుకి ఒక గాలి నది పారుతుంది, జెట్ స్ట్రీమ్ అంటారు, గంటకి 150, 200 కిలోమీటర్లు దానికి పెద్ద లెక్క కాదు. భువనేశ్వర్ నుంచి దుబాయ్ దారి ఆ నదికి దక్షిణపు ఒడ్డున ఉంటుంది కాబట్టి డిసెంబరు, జనవరిల్లో వెళ్లేటప్పుడు ఎదురీత, వచ్చేటప్పుడు వాలు. అందుకే ఇంటికొచ్చే ప్రయాణం ఎప్పుడూ తొందరగా అయిపోయినట్టు ఉంటుంది, అది ఇంటి మీది బెంగ వల్ల కాదు, నిజంగానే తక్కువ పడుతుంది. వానాకాలం వచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఆ పడమటి గాలి హిమాలయాల అవతలికి జరిగిపోతుంది, దక్షిణ భారతం మీద తూర్పునుంచి పడమరకి వీచే వేరే జెట్ మొదలవుతుంది. దీన్ని 1958లో శాస్త్రలోకం ముందు పెట్టినవారు పి. కోటేశ్వరం, తర్వాత భారత వాతావరణ శాఖకి డైరెక్టర్ జనరల్ అయ్యారు, తెలుగువారే. ఆ గాలి బలం ముఖ్యంగా పద్నాలుగు, పదిహేను కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది, ప్రయాణికుల విమానాలు పదకొండు పన్నెండు దగ్గర తిరుగుతాయి కాబట్టి దాని కింది అంచు మాత్రమే తగులుతుంది, అయినా జులైలో పడమరకి పోయే విమానానికి జనవరిలో ఉన్నంత కష్టం ఉండదు. విమాన కంపెనీలు అక్టోబరు చివరి ఆదివారం నుంచి మార్చి చివరి వారం దాకా ఒక టైంటేబులు, మిగతా నెలలకి ఇంకో టైంటేబులు నడిపేదీ, ఒకే ఫ్లైట్‌కి రెండింట్లో వేరు వేరు నిమిషాలు రాసేదీ కొంత ఇందుకే.

ఇక్కడే ఒక పాత వాదన కూడా తేల్చేయొచ్చు. భూమి పడమటినుంచి తూర్పుకి తిరుగుతోంది కదా, భువనేశ్వర్ దగ్గర నేల గంటకి 1,570 కిలోమీటర్ల వేగంతో తూర్పుకి పోతోంది కదా, అలాంటప్పుడు విమానం గాల్లోకి లేచి ఊరుకుంటే దుబాయే కిందకి రావాలిగా అని. ప్రతి ఊళ్లోనూ ఇది అడిగే తెలివైనవాడు ఒకడుంటాడు. పరుగెత్తే రైల్లో నిమ్మకాయ పైకి ఎగరేస్తే మళ్లీ చేతిలోనే పడుతుంది, వెనక బోగీలో పడదు. భూమితోపాటు గాలీ తిరుగుతుంది, రన్‌వే మీద నిలబడ్డ విమానం కూడా లేవకముందే ఆ తిరుగుడులో ఉంది. కాబట్టి తిరుగుడు వల్ల వచ్చే లాభం సున్నా. జెట్ స్ట్రీములు పుట్టడంలో భూభ్రమణానికి పాత్ర ఉంది, కానీ ఆ తెలివైనవాడు అడిగింది అది కాదు.

తర్వాతి చిక్కు గడియారం. విశాఖని మధ్యలో పెట్టుకుని చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. విశాఖ నుంచి దుబాయ్ 2,995 కిలోమీటర్లు, విశాఖ నుంచి సింగపూర్ 2,908. ఒకటి పడమర, ఒకటి ఆగ్నేయం, దూరం దాదాపు సమానం. రెంటికీ సూటిగా నాలుగుంపావు గంటలు పట్టే విమానాలు రాత్రి పదింటికి బయల్దేరాయనుకుందాం. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు. టికెట్ మీద దుబాయ్ విమానం పన్నెండు ముప్పావుకే చేరిపోయినట్టు, సింగపూర్ విమానం తెల్లవారుజామున అయిదింటికి పావుగంట తక్కువకి చేరినట్టు ఉంటుంది. ఒకటి రెండు ముప్పావు గంటలు, ఇంకోటి ఆరు ముప్పావు గంటలు పట్టినట్టు కనిపిస్తుంది. టికెట్ మీద రాసేవి ఎప్పుడూ ఆయా ఊళ్ల టైములే, ఒకదానిలోంచి ఇంకోటి తీసేస్తే వచ్చేది ప్రయాణం కాదు.

అంతకంటే ప్రమాదం తేదీ. 15వ తేదీ 00:50 అని టికెట్ మీద ఉంటే వెళ్లాల్సింది 14వ తేదీ రాత్రి. వినడానికి చిన్న విషయం. కానీ 15న పొద్దున్నే తలస్నానం చేసి, గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టి, సామాను కట్టి మధ్యాహ్నం బండెక్కినవాళ్లు ఎయిర్‌పోర్టు గేటు దగ్గర టికెట్ చూపించాక ఆ జవాను మొహంలోకి చూసే చూపు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. విమానం వెళ్లిపోయి అప్పటికే చాలా గంటలైంది. ఇటువైపు చాలా ఇళ్లలో టికెట్ ఏజెంటు వాట్సాప్‌లో పంపిన ఫొటోనే ఆధారం, అందులో ఆ రెండు సున్నాల మీద ఎర్ర పెన్నుతో ఒక చుట్టు చుట్టి "ముందురోజు రాత్రి" అని తెలుగులో రాసి పంపే ఏజెంటు దొరికితే అతణ్ణి వదులుకోవద్దు.

దూరం ఎక్కువయ్యేకొద్దీ ఈ వింతలు పెరుగుతాయి. హైదరాబాద్ నుంచి చికాగోకి గీత 13,280 కిలోమీటర్లు. అమెరికా పడమరన ఉంది కాబట్టి విమానం పడమరకి పోతుందనుకుంటాం, కానీ ఆ దారం హైదరాబాద్ నుంచి దాదాపు నేరుగా ఉత్తరానికి లేస్తుంది. జైపూర్ పక్కగా, అమృత్‌సర్ మీదుగా, రష్యా దాటి, గ్రీన్‌లాండ్‌కీ స్వాల్‌బార్డ్ దీవులకీ మధ్య 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, అక్కణ్ణుంచి కెనడా మీదుగా చికాగోకి జారుతుంది. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి చికాగోకి నేరుగా విమానం మొదలుపెట్టింది, తర్వాత ఆపేసింది. అదే నెల 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచి ఉత్తర ధ్రువం మీదుగా 11న బెంగళూరులో దిగిన విమానంలో పైలట్లంతా ఆడవాళ్లే, జోయా అగర్వాల్ కెప్టెన్, తోడుగా మన పాపగారి తన్మయి కూడా ఉన్నారు. పదిహేడు గంటల దాకా పట్టింది. అంత ఉత్తరాన బయట చలికి ట్యాంకుల్లో ఇంధనం గడ్డకట్టకుండా చూసుకోవడం కూడా ఒక పనే, మామూలుగా వాడే జెట్ ఎ-1 మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. చికాగో చలికాలంలో మనకంటే పదకొండున్నర గంటలు వెనక, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర. మధ్యాహ్నం ఒంటిగంటకి హైదరాబాద్‌లో లేచి పదహారున్నర గంటలు ఎగిరినవాడు చలికాలంలో అక్కడ అదేరోజు సాయంత్రం ఆరింటికి దిగుతాడు, కాగితం మీద అయిదు గంటలే. తిరుగు ప్రయాణంలో సోమవారం రాత్రి తొమ్మిదిన్నరకి లేచి పదహారు గంటలు ఎగిరితే మన దగ్గర మంగళవారం అర్ధరాత్రి దాటి బుధవారం ఒంటిగంట, మంగళవారం మొత్తం ఎటుపోయిందో తెలీదు. రాయగడలో కూర్చుని అమెరికాలో ఉన్న కూతురి కోసం ఉపవాసం ఏరోజు ఉండాలో లెక్కపెట్టే అమ్మలకి ఈ తలనొప్పి కొత్తేం కాదు.

సరే, మళ్లీ దుబాయ్. నేరుగా విమానం లేకపోతే మధ్యలో దిగి మారాలి. ఇక్కడ కిలోమీటర్లు చెప్పే మాటకీ గంటలు చెప్పే మాటకీ అసలు పొత్తు కుదరదు. విశాఖ నుంచి హైదరాబాద్ 511, హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,546, కలిపితే 3,057. నేరుగా గీత 2,995. హైదరాబాద్‌లో దిగి మారినందుకు అదనంగా పడింది 62 కిలోమీటర్లే, అంటే అయిదు నిమిషాల ఎగురుడు. కానీ దిగి, ఇమిగ్రేషన్ లైన్లో నిలబడి, మళ్లీ సెక్యూరిటీ దాటి, తర్వాతి విమానం దాకా కూర్చునేసరికి మూడు నాలుగు గంటలు హుళక్కి. భువనేశ్వర్ నుంచి ఢిల్లీ మీదుగా పోతే దూరం కూడా 300 కిలోమీటర్లు పెరుగుతుంది, చుట్టు తిరిగినట్టే. కనెక్టింగ్ తీసుకునేవాళ్లు కిలోమీటర్లు చూడకుండా చూడాల్సింది ఒకటే, రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉన్నాయా లేదా. ఒకే టికెట్ అయితే లగేజీ సాధారణంగా చివరిదాకా అదే పోతుంది, మొదటి విమానం లేటై రెండోది తప్పితే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత కంపెనీది. వేరు వేరుగా కొంటే మొదటిది ఎంత లేటైనా రెండోవాడికి సంబంధం లేదు, డబ్బు పోయినట్టే. రెండు వేలు మిగులుతాయని ఈ టెన్షన్ నెత్తిన పెట్టుకోవడం దండగ.

ఇప్పుడు ఏ పేజీ లెక్కపెట్టని భాగం, ఇంటినుంచి ఎయిర్‌పోర్టు. సరిహద్దు జిల్లాల వాళ్లకి ప్రయాణంలో పెద్ద ముక్క ఇదే. బరంపురం నుంచి భువనేశ్వర్ 170 కిలోమీటర్లు, విశాఖ 270 దగ్గర. రాష్ట్రం సంగతి పక్కన పెడితే బరంపురం వాళ్లకి భువనేశ్వరే న్యాయం, 2023 మే 15న ఇండిగో అక్కణ్ణుంచి దుబాయ్‌కి నేరుగా మొదలుపెట్టాక మరీను. వారంలో ఏయే రోజులన్నది మారుతుంటుంది కాబట్టి అది చూసుకునే సెలవు పెట్టుకోవాలి. రాయగడ, గుణుపురం, కోరాపుట్, జయపురం వాళ్లకి విశాఖే దగ్గర, అందులో వాదన లేదు. తకరారంతా పర్లాకిమిడి దగ్గర వస్తుంది. పక్కనే పాతపట్నం, అది ఆంధ్రే, విశాఖ నూట డెబ్బై ఎనభై కిలోమీటర్లు. భువనేశ్వర్ అయితే పలాస, ఇచ్ఛాపురం, బరంపురం మీదుగా మూడొందల దగ్గర. చూడగానే విశాఖే అనిపిస్తుంది.

లెక్క కట్టి చూద్దాం. రాత్రి ఎనిమిదింటికి భువనేశ్వర్‌లో విమానం ఉందనుకుంటే, అంతర్జాతీయ ప్రయాణం కాబట్టి అయిదింటికల్లా అక్కడుండాలి. మూడొందల కిలోమీటర్లకి ఆరేడు గంటలు, దారిలో భోజనం, టైరు పంక్చరైతే దానికో గంట జాగా, కాబట్టి పొద్దున్న తొమ్మిదికి బయల్దేరాలి. నేలమీదే పదకొండు గంటలు అయిపోయాయి. గాల్లో నాలుగున్నర. దుబాయ్‌లో అక్కడి టైము పదకొండింటికి దిగి, ఇమిగ్రేషన్, లగేజీ, క్యాంపుకి వ్యాను, ఇంకో రెండు గంటలు. మొత్తం పదిహేడున్నర. అదే విశాఖ దారిలో రోడ్డు మీద నాలుగు గంటలు, దేశీయ విమానానికి రెండు గంటల ముందు, హైదరాబాద్‌కి గంటా ఇరవై, అక్కడ నాలుగు గంటలు కూర్చోవడం, దుబాయ్‌కి దాదాపు నాలుగు, చివర రెండు. పదిహేడు గంటల పైన. రెండు దారులూ ఒక్కదగ్గరే తేలాయి! ఒకదాంట్లో కారు సీటు, ఇంకోదాంట్లో ఎయిర్‌పోర్టు కుర్చీ, అంతే తేడా. ఈ రెంటిలో గాల్లో గడిపేది మూడోవంతు కూడా లేదు. విమానం ఎంత వేగంగా పోయినా పర్లాకిమిడివాడికి మిగిలేది నిమిషాలే, విశాఖ విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకి మారితే మాత్రం జాతీయ రహదారి మీద ఓ నలభై యాభై కిలోమీటర్లు, దాంతోపాటు విశాఖ ఊళ్లోని ట్రాఫిక్కూ తప్పుతాయి, ఒక్క దెబ్బకి గంట పైన కలిసొస్తుంది. జెట్ స్ట్రీమ్ కూడా అంత ఇవ్వదు.

సామాను సంగతి కూడా ఈ గంటల్లోనే కలుస్తుంది. ఆవకాయ జాడీకి ప్లాస్టిక్ కవరు మీద కవరు చుట్టి, పలాస జీడిపప్పు రెండు కిలోలు, ఎండు చేపలు కాగితంలో మడిచి, అట్టపెట్టెకి నైలాన్ తాడు అడ్డంగా నిలువుగా కట్టి, వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూస్తే ముల్లు పరిమితి దాటి ఆగుతుంది. అక్కడే తాడు విప్పితే పది నిమిషాలు. చెకిన్ కౌంటరు ముందు, వెనక యాభైమంది నిలబడి చూస్తుండగా విప్పితే అరగంట, ఆ కౌంటరు మామూలుగా విమానానికి గంట ముందు మూసేస్తారు.

వచ్చేటప్పుడు లెక్క కాస్త దయగా ఉంటుంది. దుబాయ్‌లో రాత్రి పదకొండున్నరకి లేచిన విమానం, వెనక గాలి తోసి నాలుగు గంటల్లో వచ్చేస్తే, భువనేశ్వర్‌లో పొద్దున్న అయిదు. తీసుకురావడానికి వెళ్లేవాళ్లు అయిదింటికల్లా గేటు దగ్గర నిలబడనక్కర్లేదు, ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ అయ్యేసరికి ఆరు దాటుతుంది. స్టేషను దగ్గరే, బరంపురానికి బండి దొరికితే చిలికా సరస్సు మీద ఎండ పడే వేళకి కిటికీ పక్కనుంచి నీళ్లు కనిపిస్తాయి. పర్లాకిమిడి వాడికి మాత్రం ఇంకా సగం దారి మిగిలే ఉంటుంది, పలాసలో దిగి ఆటో మాట్లాడుకోవాలి.